గడప బయటి మనుషులు

సోమవారం, మొదటి షిఫ్టు

ఏడో గని ఆచూకీ గదిలో కూర్చుని కునికిపాట్లు పడకుండా ఉండే బాధ్యత నాది. పేరు ఓదెలు, బీటెక్. ప్రతి షిఫ్టు చివర గది పరిస్థితి రాయాలని నియమం. నియమం పెట్టినవాళ్లు చదవాలని మాత్రం నియమం లేదు. అయినా రాస్తున్నాను.

ఈ షిఫ్టులో తెర మీది పటంలో, మనిషికో చుక్కగా, గని జనాభా అంతా ఉంది. ఇళ్లలో మాత్రం ఒక్కరూ లేరు.

పొరపాటున రాయలేదు. రెండుసార్లు కళ్లు నులుముకుని చూశాకే రాశాను. పటంలో ప్రతి ఇంటి గడప ముందూ ఒక కుటుంబం నిలబడి ఉంది. తండ్రి పక్కన తల్లి, తల్లి మీదికెక్కి కొడుకు, కాస్త దూరంగా విసిరేసినట్టు కూతురు. లోపల గదులన్నీ ఖాళీ. ఒక్క మా ఇన్‌ఛార్జి మృణాళిని మేడం చుక్క మాత్రమే గదిలో బల్ల దగ్గర, ఉండాల్సిన చోట ఉంది.

పైన ఎండకు రోడ్లు కరిగిపోయి మనుషులు ఈ పాత బొగ్గు గనిలోకి దిగిన కొత్తలో యాజమాన్యం అందరి మెడల్లో బిళ్లలు వేసింది. జనం వాటిని మేకులకు తగిలించారు. ఒకాయన మేకపిల్ల మెడలో కట్టాడు. ఆ మేకపిల్ల చాలాకాలం చల్లగా బతికింది. ఇక లాభం లేదని, ఈమధ్య బిళ్లలు తీసేసి ఊరందరికీ ఉచితంగా కొత్త చెప్పులు పంచారు. బొగ్గు నేల మీద ఒట్టి కాళ్లతో ఎవరు నడుస్తారు? అందుకని కుడి చెప్పు మడమలో ఒక చిన్న చిలకను దాచారు. చిలక అనేది మా గదిలో వాడే మాట. అది మనిషి చెవికి అందనంత సన్నగా కూస్తుంది, కూసిన క్షణంలోనే రేడియోలో ఒక చుర్రుమనే సంకేతం కూడా పంపుతుంది. గోడల మీద పెట్టెలున్నాయి, వాటిని చెవులంటాం. సంకేతం వెంటనే అందుతుంది, కూత నింపాదిగా వస్తుంది. మెరుపుకూ ఉరుముకూ మధ్య ఆలస్యాన్ని బట్టి పిడుగు ఎంత దూరమో చెప్పినట్టు, చెప్పు ఎంత దూరమో చెవి చెబుతుంది. మూడు చెవులు ఒక మాట మీదికొస్తే జానెడు తేడాతో మనిషి దొరుకుతాడు.

చెప్పు దొరుకుతుంది, అని రాయాలి.

“వీళ్లంతా ఈ వేళప్పుడు గుమ్మం ముందే నిలబడతారా ఓదెలు? ఇక్కడ ఆచారమా?” అని అడిగారు మేడం.

“నిలబడరు మేడం. విప్పుతరు.”

“ఏమిటి విప్పేది?”

“చెప్పులు.”

మేడం సముద్రం ఒడ్డు స్థావరంలో పుట్టి పెరిగారు. అక్కడ నీళ్లు ఎప్పుడు లోపలికొస్తాయో తెలియదు కాబట్టి నిద్రపోయేదాకా బూట్లు విప్పరట. ఆవిడ ఒకసారి చిలక దాచిన తన బూట్లవైపు, ఒకసారి పటంవైపు చూసుకున్నారు.

“పంచేముందు మీవాళ్లను ఎవరూ అడగలేదా?”

“అడిగిండ్రు మేడం. నడిచేటప్పుడు చెప్పులు వేసుకుంటరా అని అడిగిండ్రు. వేసుకుంటం అన్నం.”

ఆవిడ నవ్వలేదు. ఎందుకు నవ్వలేదో ఇంటికి వెళ్లాక నాకూ అర్థమైంది. చల్లగాలికి కరువు కాబట్టి గాలి తలుపులు పటం మీద చుక్కలున్న చోటే తెరుచుకుంటాయి, మిగతాచోట్ల మూసుకుంటాయి. మా ఇంట్లో అమ్మ తల పట్టుకుని కూర్చుంది. గడప బయట మా నాలుగు జతల చెప్పులకూ చక్కటి గాలి వీస్తోంది.

బుధవారం, మొదటి షిఫ్టు

మరమ్మతు అయ్యేదాకా ఇళ్లలో కూడా చెప్పులు వేసుకోవాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. దాన్ని గల్లీ గల్లీ తిరిగి చదివే గౌరవం నాకు దక్కింది. నేను గంభీరంగానే చదివాను.

మా పక్కింటి సారక్క గాలి తలుపులు బాగుచేసే మేస్త్రీ. పటం చెబితే తెరుచుకునే తలుపులు మొరాయించినప్పుడు, చేత్తో చక్రం తిప్పి తెరిచేది ఆమే. ఉత్తర్వు చదవడం అయ్యేదాకా నడుం మీద చేతులు పెట్టుకుని విన్నది.

“వంటింట్లకు గూడ చెప్పులతోనే పోవాల్నారా?”

“గాలి కావాలంటే పోవాలె అక్కా.”

“దేవుని అర్రలకు?”

“దేవునికి చుక్క లేదక్కా. ఆయనకు ఎట్లాగూ గాలి రాదు.”

“నీకు బీటెక్ ఇచ్చినోన్ని ఒక్కసారి సూపియ్యిరా. ఏం తిని ఇచ్చిండో అడుగుత.”

గల్లీ అంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వడానికి కూడా లోపల గాలి చాలడం లేదని అందరం గమనించి ఆపేశాం.

శుక్రవారం, మొదటి షిఫ్టు

ఉత్తర్వును పాటించినవారు: మేడం.

జనం తమకు తోచిన పరిష్కారాలు తాము కనిపెట్టుకున్నారు. కొందరు చెప్పులు కడిగి, తుడిచి, పాత పేపరు పరిచి మంచం కింద పెట్టుకున్నారు. ఆ ఇళ్లకు గాలి వచ్చింది. కానీ బయటికెళ్లడానికి ఆ ఇంటివాళ్లు పక్కింటి చెప్పులు వేసుకుపోయారు. దాంతో పక్కింటివాళ్లు ఆ పక్కింటివి. నిన్న పటం ప్రకారం మా ఇళ్ల లైన్‌లోని ముగ్గురు మగవాళ్లు ఆడవాళ్ల స్నానాల గదిలో ఉన్నారు. పంచాయితీ పెట్టాల్సి వచ్చింది. సాక్ష్యానికి నన్ను పిలిచారు. “పటం అబద్ధమాడుతోంది” అని వాంగ్మూలం ఇచ్చాను. ఆ పటాన్ని చూస్తూ కూర్చోవడానికే నాకు జీతమిస్తున్నారు. మనసుకు కాస్త కష్టంగానే ఉండింది.

ఎక్కువమంది మాత్రం తిన్నగా ఆలోచించారు. గాలి చెప్పుల దగ్గరే ఉందంటే మనమే చెప్పుల దగ్గరికి పోదామన్నారు. ఇప్పుడు గల్లీ పొడుగునా చాపలు పరిచి, ఇంటిల్లిపాదీ తమ తమ చెప్పుల పక్కన పడుకుంటున్నారు. ఇంటికి పోవాలంటే నేను ఎవరెవరి కాళ్లో దాటాలి. ప్రతి ఒక్కరూ పడుకునే, “ఓదెలూ, ఎప్పుడు బాగుజేస్తరు?” అని అడుగుతారు. అలిసిపోయాను. రేపు అన్నానంటే రేపు కూడా ఇదే దారిన పోవాలి కదా.

చెవులను చిలక కూతకే కాకుండా మామూలు శబ్దాలకు కూడా తెరిస్తే ఒట్టి కాళ్ల మనిషిని కనిపెట్టలేమా అని మేడంను అడిగాను.

“పంకాల హోరు ఉంది కదా. మీరు కనిపెట్టేది పంకాలను” అన్నారు. నిజమే. కిందికి దిగిన రోజు నుంచీ ఆ హోరు ఆగలేదు. మేం మాట్లాడుకోవడమే దాని మీద గొంతు పెంచి మాట్లాడుకోవడం. పంకాలను కనిపెట్టడానికి బీటెక్ అక్కర్లేదు.

ఆదివారం, మొదటి షిఫ్టు

సారక్క కూతురు తిరుమలకు ఆడపిల్ల పుట్టి ఇరవై ఒక్క రోజులైంది. ఈరోజు పాత యంత్రాల హాల్లో తొట్టెల, పిల్లను ఉయ్యాల్లో వేసే పండుగ. నాకు డ్యూటీ పడింది. “ఏడువకురా, కారేజి పంపుత” అంది సారక్క. ఇంకా రాలేదు. రాసిపెడుతున్నాను.

పటంలో హాలు ముందు తలుపు దగ్గర ఊరు ఊరంతా ఒకరి మీద ఒకరు ఎక్కి నిలబడి ఉన్నారు. ఆ కుప్పలో ఒక్కో చుక్క ఎవరిదో కంప్యూటరు కూడా చెప్పలేకపోతోంది. హాలు మాత్రం ఖాళీ. కాబట్టి హాలు గాలి తలుపులు మూసుకుపోయాయి. చెప్పుల కుప్ప మీద మాత్రం ఈదురుగాలి వీస్తోంది.

అదే షిఫ్టు, కొంచెం తర్వాత

హాలు నుంచి ఫోన్. తిరుమల గొంతు.

“ఓదెలన్నా, గాలి అస్సలు వస్తలేదే. పొల్ల మొకమంత కమిలిపోయింది. ఏడుస్త గూడ లేదు ఇప్పుడు.”

“పిల్లను తీసుకుని బయటికి రా తిరుమలా.”

“ఎట్లొస్త? తలుపు కాడ జనం. అందరు ఒక్కసారే లేసిండ్రు, ఎవరికి కదలొస్తలేదు.”

మేడం అప్పటికే పైవాళ్లకు ఫోన్ చేస్తున్నారు. తలుపులు మా గది నుంచి తెరిచే అధికారం మాకు లేదు. పైవాళ్లు, “హాల్లో మనుషులు లేరు కదా?” అంటున్నారు. వాళ్ల దగ్గరున్నదీ ఇదే పటం.

ఫోన్లో వెనక నుంచి సారక్క కేక వినిపించింది. “జరుగుండ్రి! నేను పోయి చక్రం తిప్పుత. ఇస్తార్ల పెట్టిన చెయ్యి గూడ కడుక్కోలే, ఏం కానియ్యి.”

హాలు వెనక వంటలు చేసే చోటినుంచి ఒక పాత దారి ఉంది. చేతి చక్రం ఆ దారి చివర ఉంది. అటు ఎవరూ నడవరు. కప్పు మంచిది కాదు.

కాసేపటికి ఫోన్లో గాలి చప్పుడు. “వచ్చింది! వచ్చింది!” అని జనం. ఆ వెంటనే పిల్ల ఏడుపు. ఏడుపు వింటే ఇంత హాయిగా ఉంటుందని నాకు తెలియదు.

తర్వాత, బండరాళ్లు దొర్లినట్టు పెద్ద చప్పుడు. ఫోన్ తెగిపోయింది.

అదే షిఫ్టు, ఇంకా తర్వాత

పాత దారి కప్పు కూలింది. హాలు నిలిచింది. జనమంతా ముందు తలుపు నుంచి పరుగెత్తి ఎవరిళ్లకు వాళ్లు చేరారు. మేడం, నేను పేర్లు చదువుతూ చుక్కలు సరిచూశాం. అందరూ ఇళ్ల దగ్గరున్నారు. సారక్క చుక్క మూడో లైన్‌లో నిలకడగా ఉంది; ఎవరినో పలకరించడానికి ఆగిందనుకున్నాను. “అందరూ క్షేమం” అని మేడం పైకి చెప్పారు. ఇక్కడ నేనూ అదే రాశాను.

పై వాక్యం కొట్టేయకుండా అలాగే ఉంచుతున్నాను. ఎందుకంటే ఆ వెంటనే తిరుమల ఒట్టి కాళ్లతో, పిల్లను ఎత్తుకుని మా గదిలోకి వచ్చింది.

“మా అమ్మ రాలేదన్నా.”

“వచ్చింది తిరుమలా. ఇగో, మూడో లైన్ల ఉంది చూడు.”

“మూడో లైన్ల ఎవరింట్ల?”

చూసి చెప్పాను. “పోశం మామ ఇంటి కాడ.”

“పోశం మామింటికి మా అమ్మ ఎందుకు పోతదే? ఆయనకు, మా అమ్మకు మాటలు బందయి ఎన్నేండ్లాయె!”

పోశం మామకు ఫోన్ చేశాను. సారక్క మీ ఇంట్లో ఉందా అంటే, ఆయన, “దానికి నా ఇంట్ల ఏం పనిరా, తాగొచ్చినవా?” అన్నాడు.

“మామా, గడప కాడ నీ చెప్పులు చూడు.”

పోయి చూసి వచ్చాడు. మళ్లీ మాట్లాడినప్పుడు గొంతులో దురుసు లేదు.

“పూల చెప్పులున్నయిరా. నడుస్తుంటె నా మడిమెలు బయట్నే ఉండె, ఉరుకుడుల సూసుకోలే. ఓదెలూ, గివి సారక్కవేనా?”

ఆమె వెనక దారిన పోయింది. చెప్పులు ముందు తలుపు దగ్గర ఉన్నాయి. ఒట్టి కాళ్ల మనిషిని మా పటం ఎప్పుడూ చూడలేదు. ఆ ఒట్టి కాళ్ల మనిషి ఇప్పుడు బండల అవతల ఉంది. మేం ఆమె చెప్పులకు క్షేమం ప్రకటించి కూర్చున్నాం.

అదే షిఫ్టు

తవ్వేవాళ్లు వచ్చారు. పాత దారి అవతల బొగ్గు తీసి వదిలేసిన గల్లీలు చాలా ఉన్నాయి. కప్పు కూలేటప్పుడు ఆమె వాటిలో దేనిలోకి దూకిందో తెలియదు. ఒక్కచోటే తవ్వగలం, తప్పు చోట తవ్వితే మిగిలిన కప్పు కూడా కూలుతుందన్నారు. పిలిచారు. బండల మీద సుత్తులతో కొట్టి చూశారు. పంకాల హోరులో తమ గొంతులే తమకు వినపడలేదు.

ఆ పాత గల్లీల గోడల మీద కూడా చెవులున్నాయి. ఎవరూ లేని చోట కూడా బిగించారు, బిల్లు వస్తుందని. ఈ ఒక్కసారికి బిల్లు పెట్టినవాళ్లకు దండం.

“మేడం, చెవుల్ని అన్ని శబ్దాలకూ తెరుస్తా. మెరుపు ఉండదు, ఉరుమే ఉంటది. అయినా సరే, ఏ చెవికి ముందు వినబడ్డదో, ఏ చెవికి తర్వాత వినబడ్డదో తెలిస్తే చాలు, ఎక్కడుందో లెక్క వస్తది. కానీ పంకాలు ఆపాలె.”

“పంకాలు ఆపితే ఊరు మొత్తానికి గాలి ఆగుతుంది.”

“అవును మేడం.”

“బండల అవతల ఆవిడ ఏ చప్పుడూ చేయలేని స్థితిలో ఉంటే?”

తిరుమల అక్కడే ఉంది. మేడం ఆమె వైపు చూడలేదు. బూట్లు విప్పి, నేల మీద చప్పుడు కాకుండా నడుచుకుంటూ పంకాల స్విచ్చుల గదివైపు వెళ్లారు. వెళ్తూ, “ఆపింది నేనని నా పేరు రాయండి ఓదెలు” అన్నారు.

రాశాను. మృణాళిని మేడం. ఆపారు.

హోరు తగ్గింది. ఇంకా తగ్గింది. ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దం ఎలా ఉందో రాయలేను. కింద పడబోయి దేన్నో పట్టుకున్నాను. ఇన్నేళ్లూ ఒక గోడకు ఆనుకుని నిలబడ్డానని, ఆ గోడ తీసేశాకే తెలిసింది.

ఆ నిశ్శబ్దంలోంచి దగ్గు వినపడింది.

ఒకటి కాదు. ఊరు ఊరంతా దగ్గుతోంది. అన్ని గల్లీలూ, అన్ని ఇళ్లూ. పొడి దగ్గు, బొగ్గు దుమ్ము దగ్గు, దుప్పటి నోట్లో కుక్కుకుని దగ్గే దగ్గు. హోరు కింద ఎవరి దగ్గు వాళ్లే దాచుకున్నామని, అది తన ఒక్కరికే ఉందని ప్రతివాళ్లూ అనుకున్నారని నాకు అప్పుడు అర్థమైంది. నేనూ దగ్గుతున్నాను. చెప్పుల చుక్కలు తీసేసిన తెర మీద ఇప్పుడు వేల దగ్గులు చుక్కలుగా పడి, ఒకదాన్నొకటి తుడిచేస్తున్నాయి. వాటిలో సారక్కది ఏది?

మైకు తీసుకున్నాను. ఏదో జోకు వేయబోయాను. తిరుమల నా చేతిలోంచి మైకు లాక్కుంది.

“నేను సారక్క బిడ్డను తిరుమలను. మా అమ్మ బండల కింద ఉన్నది. మీ దగ్గు ఆపుకోండ్రి. మీ కాళ్లు మొక్కుత. జెర సేపు ఆపుకోండ్రి.”

ఆపుకున్నారు.

ఇలాంటి పని ఎంత కష్టమో దగ్గు రానివాళ్లకు చెప్పలేను. నా ఎదురుగా తిరుమల పిల్లకు పాలు పట్టి నోరు కట్టేసింది, తాను చీర కొంగు పళ్లతో కరిచి పట్టుకుంది. కళ్లనుంచి నీళ్లు కారుతున్నాయి. నాకూ అంతే. ఊరు మొత్తం ఊపిరి బిగబట్టి కూర్చుంది. ఒక్కొక్క చుక్కే తెర మీంచి మాయమైంది. తెర నల్లబడింది.

అప్పుడు, చాలా దూరంలో, ఒక దగ్గు.

ఒక చెవికి ముందు, ఒక చెవికి కాస్త తర్వాత, ఇంకో రెండు చెవులకు ఆ తర్వాత. లెక్క వేశాను. తప్పు వచ్చింది. మళ్లీ వేశాను. మళ్లీ దగ్గింది. రెండో పాత గల్లీ, మొదట్లోనే. ఆ గల్లీకీ తవ్వేవాళ్లు నిలబడ్డ దారికీ మధ్య ఒక ఇటుక గోడ అంతే. వాళ్లు ఇందాకటి నుంచీ వేరే వైపు తిరిగి ఉన్నారు.

ఫోన్లో గుసగుసగా చెప్పాను. గోడ తెరిచేదాకా పంకాలు తిప్పొద్దని, గాలి విసురుకు దుమ్ము ఆమె మీద పడుతుందని గుసగుసగానే జవాబిచ్చారు. ఇటుక మీద సుత్తి. ఒకసారి, ఇంకోసారి. నా ఛాతీలో ఏదో గోకుతోంది. ఇంకెంతోసేపు ఆపుకోలేను.

ఒక ఇటుక కింద పడింది. తవ్వేవాడు ఫోన్‌ను ఆ కంతలో పెట్టాడు.

“పొల్లకు గాలి వచ్చిందారా?” అంది సారక్క. గొంతు మట్టిలా ఉంది.

“వచ్చిందమ్మా,” అంది తిరుమల. “నీకు?”

“కాలొకటి బండ కింద ఉన్నది. గాలి మంచిగనే ఉన్నది. జల్ది రమ్మను.”

నేను మైకు దగ్గరికి తీసుకున్నాను. ఊరంతా నా మాట కోసం ఊపిరి ఆపుకుని ఉంది. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఇలాంటి ఘట్టం కోసం ఎన్నో గంభీరమైన వాక్యాలు తయారుచేసి పెట్టుకున్నాను. ఒక్కటీ గుర్తు రాలేదు.

“దొరికింది,” అన్నాను. “ఇగ దగ్గుండ్రి.”

ఊరు దగ్గింది. కప్పు మీంచి మట్టి రాలిందంటే నమ్మండి. ఏడుస్తూ దగ్గారు, నవ్వుతూ దగ్గారు. మూడో లైన్‌లో పోశం మామ దగ్గు నేను పోల్చగలిగాను, అందులో తిట్లున్నాయి.

మేడం ఒట్టి కాళ్లతో తిరిగొచ్చి, తెర ముందు ఆగిపోయారు.

నేను వేసిన లెక్కనే కంప్యూటరు ఇప్పుడు ప్రతి దగ్గుకూ వేస్తోంది. తెర నిండా చుక్కలు. గడపల దగ్గర కాదు, గల్లీల్లో కాదు. పొయ్యి దగ్గర ఒకరు. మంచం మీద ఇద్దరు. తలుపు వెనక నిలబడి ఒకరు. గోడకు ఆనుకుని, పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని ఒక కుటుంబం. ఎవరు ఎక్కడున్నారో, అక్కడే.

“వీళ్లంతా ఇళ్లలోనే ఉన్నారు,” అన్నారు మేడం.

“ఎప్పుడూ అక్కడ్నే ఉన్నరు మేడం.”

గాలి తలుపులకు పటం తప్ప వేరే మాట తెలియదు. ఒక్కో ఇంటి తలుపూ కిర్రుమంటూ తెరుచుకోవడం ఇక్కడిదాకా వినిపించింది. మేడం స్విచ్చు వేశారు. పంకాలు తిరిగాయి. గాలి చెప్పులను దాటి, గడప దాటి, లోపలికి వెళ్లింది.